ఏడక్షరాల చిరునామా

ప్రత్యేక సంచికకు పాత రోజుల సంగతులేవైనా రాయమని కార్యదర్శిగారు రెండుసార్లు ఫోన్ చేశారు. నేను విమానం నడిపినవాణ్ణి కాదు, బాగుచేసినవాణ్ణీ కాదు. బేగంపేటలో ఒక మూలగదిలో టెలిప్రింటర్ ముందు కూర్చుని ఉద్యోగకాలమంతా గడిపినవాణ్ణి. కనుక ఆ గది సంగతే రాస్తాను.

విమాన సంస్థలో పనిచేసేవారంతా ఒక కప్పు కింద ఉండరు. పది మంది ఒక ఊళ్ళో, నలుగురు మరో ఊళ్ళో, మిగిలినవారు ఆకాశంలో. వీరందరినీ కలిపి ఉంచే సాఫ్ట్‌వేర్‌లు ఈ మధ్యే వచ్చాయని మా మనవడు అంటాడు. అవసరం మాత్రం పాతదే. 1949లోనే ఎయిర్ ఫ్రాన్స్, కె.ఎల్.ఎం., సబేనా వంటి పదకొండు సంస్థలు కలిసి సీటా అనే సహకార సంస్థను పెట్టుకున్నాయి. ఎవరి తీగలు వారు వేసుకునే బదులు అందరూ ఒకే సందేశాల వ్యవస్థను వాడుకోవాలన్నది వారి ఆలోచన. పోటీదారులు ఇలా పొత్తు కుదుర్చుకోవడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

ప్రతి సందేశానికీ ఏడక్షరాల చిరునామా ఉండేది. మొదటి మూడు ఊరు, తరువాతి రెండు విభాగం, చివరి రెండు సంస్థ. హెచ్.వై.డి. అంటే మన హైదరాబాదు. ఎల్.ఎల్. అంటే తప్పిపోయిన సామాను చూసేవారు, ఎఫ్.ఎఫ్. అంటే సరుకుల విభాగం. అందులో మనిషి పేరు ఉండదు. ఆ కుర్చీలో ఆ పూట ఎవరుంటే వారిదే బాధ్యత. టైము గ్రీన్‌విచ్ లెక్కలో వేసేవాళ్ళం. ఇక్కడ తెల్లవారుజామున రెండైతే కాగితం మీద ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర!

మద్రాసు గిండీలో 1960లో హిందుస్తాన్ టెలిప్రింటర్స్ ఫ్యాక్టరీ వచ్చింది. ఆ రోజుల మామూలు యంత్రం 50 బాడ్ వేగం, అంటే నిమిషానికి సుమారు 66 మాటలు. ముందు సందేశాన్ని టేపు మీద చిల్లులుగా కొట్టి, లైను దొరికినప్పుడు యంత్రానికి పెట్టేవాళ్ళం. అక్షరానికి ఐదు చిల్లుల చోటు. అలవాటైనవారు టేపును వెలుతురుకు పట్టి చదివేసేవారు. నాకు ఆ విద్య సగమే పట్టుబడింది.

అది పూర్తిగా వచ్చి ఉంటే 1979లో ఆ తప్పు జరిగేది కాదేమో. ఒక రాత్రి మలక్‌పేట నుంచి ఒక కుర్రాడు సైకిల్ మీద వచ్చాడు. వాళ్ళ అన్న మన మెకానిక్, అగర్తలాకు బదిలీ మీద వెళ్ళాడు. అమ్మ పోయింది, అన్నకు చెప్పాలి. ఇంటి కబుర్లు ఆఫీసు లైను మీద పంపడం నిబంధన కాదుగాని, చావుకబురును కాదన్న డ్యూటీ ఆఫీసరును నేను చూడలేదు. వెంటనే కొట్టి పంపాను. అగర్తలా ఐ.ఎక్స్.ఎ., బాగ్‌డోగ్రా ఐ.ఎక్స్.బి. ఆ రాత్రి అప్పటికే బాగ్‌డోగ్రాకు నాలుగు పంపి ఉన్నాను. వేళ్ళు అదే కొట్టాయి.

అగర్తలావారు తెల్లవారే సరికి ఆఫీసు తెరిచేవారు, పొద్దుటి కలకత్తా విమానం కోసం. బాగ్‌డోగ్రాలో బాగా పొద్దెక్కాక గాని ఎవరూ రారు. అక్కడ కుర్చీలో కూర్చున్నాయన కాగితం చించి చూశాడు. ఆ పేరు గలవాడు తమ దగ్గర లేడు. పక్కన పెట్టేయవచ్చు. పెట్టలేదు. ఒక్క అక్షరం తేడా అయి ఉంటుందని ఊహించి అగర్తలాకు పంపి, నాకూ ఒక కాపీ వేశాడు. “మీ మనిషి అక్కడున్నాడేమో, పంపాను” అని ఒక వాక్యం, కింద రెండు పొడి అక్షరాలు. అప్పటికి విమానం వెళ్ళిపోయింది.

సాయంత్రం దాకా చూసి తమ్ముడే తలకొరివి పెట్టాడు. రెండేళ్ళ తరువాత అన్న తిరిగి బేగంపేట వచ్చినప్పుడు జరిగింది జరిగినట్టు చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఆ బాగ్‌డోగ్రా కాగితం ఉందా అని అడిగి, తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. నన్ను క్షమించాడో లేదో నాకు తెలియదు. నేనూ అడగలేదు.

తరువాత కంప్యూటర్లు వచ్చాయి, టేపు పోయింది. 2008 మార్చిలో విమానాలు శంషాబాదుకు తరలాయి. మలేసియాలోని ఎయిరేషియా వంటి సంస్థలు ఫేస్‌బుక్ వారి వర్క్‌ప్లేస్ తీసుకున్నాయి. పైలట్, లోడరు, ఆఫీసరు అందరూ సెల్‌ఫోనులోనే ఒకచోట మాట్లాడుకునే ఏర్పాటు అది. 2016లో మొదలుపెట్టినవారే 2025 ఆగస్టు 31 వరకే వాడుకోవచ్చని 2024 మేలో ప్రకటించారు. సీటా మాత్రం డెబ్బై అయిదేళ్ళు దాటినా నడుస్తూనే ఉంది.

మన సంఘానికీ వాట్సాప్ గ్రూపు ఉంది. మంచిదే, అమెరికాలో పిల్లల దగ్గర ఉన్నవారు కూడా పలకరిస్తున్నారు. కాని కిందటి దీపావళికి మన పెద్దల్లో ఒకరు పోయిన కబురు అందులో ఉదయం ఎనిమిదికే పెట్టారు. దాని మీద ప్రమిదల బొమ్మలు, శుభాకాంక్షలు వందకు పైగా పడ్డాయి. నేను మూడో రోజున చూశాను. చిరునామా తప్పలేదు, అందరికీ చేరింది. ఇది నా పని అని ఎవరి కుర్చీకీ రాలేదు, అంతే.

అప్పటినుంచి మా పేటలో ఉన్న పదకొండు మంది సభ్యులకు ఇటువంటి కబుర్లు నేనే ఫోన్ చేసి చెబుతున్నాను. వారిలో ఇద్దరి నంబర్లు మారినట్టున్నాయి, మోగడం లేదు. కొత్త నంబర్లు తెలిసినవారు సంఘం ఆఫీసులో చెబితే రాసుకుంటాను.