తెల్లవారుజాము పీక్: నిజాంపట్నం చెరువులూ గ్రిడ్ ప్రణాళికలో తప్పిపోయిన ఒక వేళా

రేపల్లె దాటి నిజాంపట్నం వైపు రాత్రి రెండు గంటలప్పుడు వెళ్తుంటే ఊళ్లు నిద్రలో, చెరువులు మెలకువలో ఉంటాయి. ఇళ్లలో దీపాలు ఆరిపోయి ఉంటాయి గానీ, రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు నీటిని చిలుకుతూ హోరెత్తిస్తూనే ఉంటాయి. గ్రిడ్ ప్రణాళికలు ఈ వేళకు పెట్టిన పేరు 'నైట్ ఆఫ్ పీక్', అంటే కరెంటుకు గిరాకీ తగ్గే వేళ. ఈ వ్యాసం తగువు ఆ పేరుతోనే.

ఆ పేరు దేశమంతటా చెలామణీ కావడంలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ, సీఈఏ, పాత్ర పెద్దది. 2030 నాటికి 500 గిగావాట్లకు పైబడిన పునరుత్పాదక విద్యుత్తును గ్రిడ్‌లో కలపడానికి 2022 డిసెంబరులో అది ఇచ్చిన నివేదిక తొమ్మిది దృశ్యాల మీద నిలబడింది. వేసవి, వానాకాలం, చలికాలం అని కాలాలు మూడు. సౌరవిద్యుత్తు దండిగా ఉండే పగలు, దీపాలు పెట్టే సాయంత్రం, గిరాకీ పడిపోయే రాత్రి అని ఒక్కో కాలంలో వేళలు మూడు. పీఎస్ఎస్ఈ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో దృశ్యం ఒక్క క్షణపు ఫొటో. ప్రతి బస్ దగ్గర (ఇది ఆర్టీసీ బస్సు కాదు, సబ్‌స్టేషన్‌లో తీగలన్నీ కలిసే కూడలి) ఇంత లోడు, ఇంత ఉత్పత్తి అని అంకెలు వేస్తారు. ఏ లైను మీద ఎంత బరువు పడుతుందో లెక్క తేలుతుంది. లెక్కలో పొరపాటేమీ ఉండదు. పేచీ ఉన్నది లోపల పోసిన అంకెలతో.

ఆ అంకెల వెనక సీఈఏ విద్యుత్ సర్వేలకు అలవాటైన పాక్షిక అంతిమ వినియోగ పద్ధతి ఉంది. గృహ, వాణిజ్య, పారిశ్రామిక, సేద్యపు వర్గాల వాడకాన్ని ఏడాదికి యూనిట్లలో అంచనా కట్టి, నష్టాలు కలిపి, దానికి లోడ్ ఫ్యాక్టర్ (సగటు లోడుకూ పీక్‌కూ ఉండే నిష్పత్తి) తగిలించి పీక్‌ను రాబడతారు. ముందు ఏడాది, తర్వాతే గంట. 18వ సర్వే 2016-17కు దేశపు పీక్ 1,99,540 మెగావాట్లని చెప్పింది. ఆ ఏడాది నమోదైంది సుమారు 1,59,500. జోస్యం తప్పడం నేరం కాదు. ఏడాది లెక్క నుంచి గంటను పిండవచ్చన్న ధీమాయే అసలు జబ్బు.

చెరువులో గంటకున్న విలువ వేరు. పగలు నీటిలోని సూక్ష్మమైన నాచు ఎండను తాగి ప్రాణవాయువును వదులుతుంది. పొద్దుగూకాక అదే నాచు, రొయ్యలు, అడుగు బురదలోని సూక్ష్మజీవులు అన్నీ కలిసి ఆ నిల్వను ఖర్చు చేస్తాయి. కోడికూత వేళకు అది అడుగంటుతుంది. 'డీఓ (నీటిలో కరిగిన ప్రాణవాయువు) పడిపోయింది' అన్న మాట రైతు నోట వినబడేది అప్పుడే. లీటరు నీటిలో ప్రాణవాయువు 3 మిల్లీగ్రాముల కిందికి జారితే వనామీ రొయ్య తట్టుకోలేదు. అందుకే నడిరేయి నుంచి సూర్యోదయం దాకా ఏరియేటరు ఆగకూడదు, కరెంటు పోతే డీజిల్ జనరేటరు అందుకోవాలి.

ఒక హెచ్‌పీ ఏరియేటరు 400–500 కిలోల రొయ్యలను కాస్తుందన్నది సాగులో మోటు లెక్క. ఎకరానికి రెండు టన్నుల పంట అనుకుంటే నాలుగైదు హెచ్‌పీ కావాలి. నాలుగే వేసుకున్నా వెయ్యి ఎకరాలకు 4,000 హెచ్‌పీ అవుతుంది. హెచ్‌పీకి 746 వాట్ల చొప్పున దాదాపు 3 మెగావాట్లు. మోటార్ల పవర్ ఫ్యాక్టర్ 0.8 అనుకుంటే, 33/11 కేవీ సబ్‌స్టేషన్లలో కనిపించే 5 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మరులో ముప్పాతిక భాగం ఈ వెయ్యి ఎకరాలకే, అదీ లోకమంతా నిద్రపోయే వేళ. అన్ని చెరువులూ ఒకే దశలో ఉండవు, రాష్ట్రపు మొత్తం గిరాకీలో ఇది చిన్న వాటా అన్న అభ్యంతరం ఉన్నదే. అయితే ట్రాన్స్‌ఫార్మరు కాలేది రాష్ట్రపు సగటు మీద కాదు.

వర్గీకరణ ఈ చిక్కు ముదిరేలా చేసింది. ఒకప్పుడు ఎల్‌టీ టారిఫ్‌లో రొయ్యల చెరువులు పరిశ్రమల కేటగిరీలో ఉండేవి. తర్వాత వ్యవసాయ సంబంధ వర్గానికి వచ్చాయి. 2019లో యూనిట్‌కు రూపాయిన్నర రాయితీ ధర కూడా వచ్చింది. బిల్లుకు అది మేలే, మోడల్‌కు కాదు. పరిశ్రమ అనుకుంటే షిఫ్టుల లోడ్ కర్వ్, సేద్యం అనుకుంటే పగటి తొమ్మిది గంటల బోరుబావి లోడ్ కర్వ్ తెచ్చి అతికిస్తారు. చెరువుకు రెండూ నప్పవు. పైగా బాపట్ల, రేపల్లె పొలాలు ప్రకాశం బ్యారేజీ నుంచి వచ్చే కాలువల మీద బతికేవి. అనంతపురం బోరు కొలతతో ఇక్కడి వరిచేనునే కొలవలేనప్పుడు ఇక రొయ్య సంగతి చెప్పాలా?

నిజాంపట్నం హార్బరుదీ మరో క్యాలెండరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. రాష్ట్రమంతా ఫ్యాన్లు, ఏసీలతో వేసవి పీక్‌కు ఎక్కుతున్న రోజుల్లో బోట్లు రేవులో ఉంటాయి, వేట మీద బతికే ఐసు ఫ్యాక్టరీలకు పని పలచబడుతుంది. 'వేసవి' అన్న ఒక్క పెట్టెలో ఈ రెండు కదలికలూ కలిసిపోయి కనబడకుండా పోతాయి.

అన్నిటికన్నా బలమైన సాక్ష్యం మబ్బు. మబ్బు పట్టిన రోజు నాచుకు ఎండ చాలదు. ఏరియేటర్లు పగలు కూడా తిరుగుతాయి, ఆ రాత్రి ఇంకా ముందే మొదలవుతాయి. అదే మబ్బు సౌరఫలకాల మీదా నీడ పరుస్తుంది. అంటే ఉత్పత్తిని కోసే చెయ్యే గిరాకీని పెంచుతోంది. ఉత్పత్తిని ఒక పట్టికలో, లోడును మరో పట్టికలో రాసుకుని సాఫ్ట్‌వేర్‌లో కలిపేవారికి ఈ చుట్టరికం పట్టుబడదు. కర్నూలు సోలార్ పార్కు మీది మబ్బూ నిజాంపట్నం మీది మబ్బూ రోజూ ఒకటి కాకపోవచ్చు. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిన వారంలో మాత్రం రెండు చోట్లా ఒకే ముసురు పట్టవచ్చు.

లోడు ప్రకృతి సిద్ధమైనదన్న నమ్మకమూ నిలవదు. 2004 మే 14న ఉచిత విద్యుత్ ఫైలు మీద పడిన సంతకం, 2018 జనవరి 1 నుంచి తెలంగాణ సేద్యానికి ఇచ్చిన 24 గంటల సరఫరా, ఆంధ్రప్రదేశ్‌లో పగటి తొమ్మిది గంటలు: అవే మోటార్లు, అవే చేలు, మారినది ప్రభుత్వ నిర్ణయమే. పంపును పగటికి జరపవచ్చు. రొయ్య ఊపిరిని జరపలేం. కాబట్టి కోస్తా అంతటా, భీమవరం నుంచి నెల్లూరు దాకా, 'నైట్ ఆఫ్ పీక్' అన్న దృశ్యమే ఒక కల్పన. సౌరవిద్యుత్తు చేరని ఆ వేళకు విజయవాడ బొగ్గు యూనిట్లనో పిన్నాపురం పంప్డ్ స్టోరేజినో లెక్కవేసేవారు తీరపు చెరువులను ముందు లెక్కపెట్టాల్సి ఉంటుంది.

2025 ఏప్రిల్‌లో సీఈఏ స్టెల్లార్ అనే దేశీ సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేసి రాష్ట్రాలకు అందించింది. ఉత్పత్తి, సరఫరా లైన్లు, నిల్వ, గిరాకీ సర్దుబాటు అన్నిటినీ ఒకేచోట లెక్కించే పనిముట్టు అది. అందులో పోసే గంటల పట్టిక తీరపు ఫీడరు మీటరు నుంచి వస్తుందా, పాత కేటగిరీ సగటు నుంచి వస్తుందా అన్నదాన్ని బట్టే దాని ఫలితం.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఇలాంటి తుపాను తర్వాత ఫీడరులోకి కరెంటు తిరిగొచ్చిన నిమిషం తొమ్మిది దృశ్యాల్లో ఎక్కడా లేదు. ఊపిరాడని చెరువుల మీద ఏరియేటర్లన్నీ ఒక్కసారే ఆన్ చేస్తారు. నేరుగా స్టార్టయ్యే మోటారు ఒక్కోటీ మొదటి క్షణాల్లో ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది. అందుకే సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు ఒక ఫీడరు వేసి, కాసేపు ఆగి, మీటరు ముల్లు కిందికి దిగాక ఇంకోటి వేస్తాడు.