తల్లిదండ్రుల కమిటీలు, బడి లెక్కలు: ములకలపల్లి ఏజెన్సీ నేపథ్యం

ప్రభుత్వ బడికి ఎంత సొమ్ము వచ్చింది, దేనికి ఖర్చయింది, పంతులు పోస్టు ఎందుకు ఖాళీగా ఉంది, హెడ్మాస్టరు వేళకు వస్తున్నారా అని పిల్లల తల్లిదండ్రులు కూడి నిలదీసే సంప్రదాయానికి తెలుగునాట మూడు దశాబ్దాలకు పైబడిన చరిత్ర ఉంది. దాన్ని చూడడానికి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ములకలపల్లి మండలం తగిన చోటు. అశ్వారావుపేట ఎస్టీ నియోజకవర్గంలోని ఈ మండలం 2016 అక్టోబరు దాకా ఖమ్మం జిల్లాలో ఉండేది. అడవి అంచున కోయ గూడేలు, పత్తి చేలు, పోడు భూములు. ఇక్కడి బడులకు ఇద్దరు యజమానులు. మండల, జిల్లా పరిషత్ బడులను విద్యాశాఖ తరఫున మండల విద్యాధికారి (ఎంఈవో) చూస్తారు. గిరిజన ప్రాథమిక పాఠశాలలు, ఆశ్రమ పాఠశాలలు భద్రాచలం సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) పరిధిలో గిరిజన సంక్షేమ శాఖ కింద నడుస్తాయి. కాబట్టి పక్కపక్క గూడేల తల్లులు ఒకే ఫిర్యాదుతో రెండు వేర్వేరు ఆఫీసుల మెట్లెక్కాల్సి వస్తుంది. ప్రశ్నించే పని కోసమే ప్రభుత్వం కమిటీలు పెట్టింది. అయితే వాటికి చిల్లర ఖర్చుల లెక్క అప్పజెప్పి, పెద్ద ఖర్చులను, ఉద్యోగులపై అదుపును తన దగ్గరే ఉంచుకుంది. అందుకే తల్లిదండ్రుల అసలు పోరాటం కమిటీ గది బయటే జరుగుతూ వచ్చింది.

1986 జాతీయ విద్యా విధానం బడి నిర్వహణలో ఊరికి భాగం ఉండాలంది. ఆ మాటను చేసి చూపించింది మాత్రం రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్. 1991 నుంచి శాంతా సిన్హా నాయకత్వంలో పనిపిల్లలను బడికి తెచ్చిన ఈ సంస్థ తల్లిదండ్రులను, పంచాయతీలను, టీచర్లను ఒక్కచోట కూర్చోబెట్టింది. పేదలకు పిల్లల చదువు పట్టదన్న అధికారుల నమ్మకం అక్కడ తేలిపోయింది. పిల్లలు బడికి వచ్చాక ఊళ్లు తమంతట తామే టీచర్లు చాలడం లేదని, గదులు లేవని అడగడం మొదలుపెట్టాయి. 1996లో జిల్లా ప్రాథమిక విద్యా పథకం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చి, బడి గదులు కట్టించే పనిని గ్రామ కమిటీలకు ఇచ్చింది. 1998లో పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్య చట్టం వచ్చింది. పిల్లల తల్లిదండ్రులే ఓట్లేసి కమిటీని ఎన్నుకోవడం, వాళ్లలో ఒకరే అధ్యక్షులు కావడం అప్పటికి పెద్ద ముందడుగు. హెడ్మాస్టరు మాత్రం కన్వీనరుగా ఉండిపోయారు. మీటింగు పిలిచేది, తీర్మానాల పుస్తకం రాసేది, పై ఆఫీసుతో ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపేది ఆయనే. లెక్క చెప్పాల్సిన మనిషే లెక్కల పుస్తకం రాసే ఈ ఏర్పాటు ఆ తర్వాత వచ్చిన కమిటీల్లోనూ చెక్కుచెదరలేదు.

2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. దాని 21వ సెక్షన్ ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే. సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. రాష్ట్ర నిబంధనలు తరగతికి ముగ్గురు తల్లిదండ్రులను ఎన్నుకోమన్నాయి, అందులో ఇద్దరు తల్లులు. బడి పనితీరు చూడడం, అభివృద్ధి ప్రణాళిక రాయడం, గ్రాంట్ల వినియోగంపై నిఘా వేయడం వాళ్ల విధులు. చదవడానికి ఘనంగానే ఉంటుంది. మరి ఆ గ్రాంటు ఎంత? కేంద్ర పథకం సమగ్ర శిక్ష 2021 నిబంధనల ప్రకారం 30 మంది లోపు పిల్లలున్న బడికి ఏడాదికి 10 వేల రూపాయలు, 31 నుంచి 100 మంది దాకా 25 వేలు. చిన్న గూడెపు బడికి దక్కేది మొదటిదే. సుద్దముక్కలు, రిజిస్టర్లు, కరెంటు బిల్లు, చీపుర్లు, ఫినాయిలు, విరిగిన కుళాయి, జెండా పండుగ ఖర్చు అన్నీ అందులోంచే. కనీసం పదో వంతు పారిశుద్ధ్యానికి పెట్టాలన్న షరతు కూడా ఉంది. ఆ పదివేల కోసం అధ్యక్షురాలు ఒక రోజు పత్తి కూలి పోగొట్టుకుని మీటింగుకు రావాలి, తీర్మానం కింద వేలిముద్ర వేయాలి. అదే బడిలో ఒక్క రెగ్యులర్ టీచరు ఒక నెల జీతం ఈ ఏడాది గ్రాంటు కన్నా ఎన్నో రెట్లు. ఆ టీచరు నెలంతా వచ్చారని ధ్రువీకరించే సంతకం మాత్రం ఆమెది కాదు. 2025లో తెలంగాణ టీచర్లకు ముఖ గుర్తింపు హాజరు పెట్టింది. ఆ హాజరు హైదరాబాదుకు తెలుస్తుంది. గూడెంలో ఎవరైనా అడిగితే చూపించాల్సిన పనిలేదు.

పెద్ద సొమ్ము ఊరి దాకా వచ్చిన సందర్భాలు రెండున్నాయి, రాష్ట్రానికొకటి. 2014లో పోలవరం ముంపు పేరుతో ఖమ్మం జిల్లాలోని కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. అంతకుముందు ఒకే జిల్లాలో ఉన్న కోయ కుటుంబాలు అప్పటి నుంచి రెండు ప్రభుత్వాల ప్రయోగాలు చూశాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 సెప్టెంబరులో తల్లిదండ్రుల కమిటీలకు ఎన్నికలు జరిగాయి. నవంబరు 14న ఒంగోలులో ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు-నేడు పథకం మొదలైంది. తొలి విడతలో 15,715 బడులు, పనుల సొమ్ము కమిటీ ఖాతాలోకే. తెలంగాణలో 2022 మార్చి 8న వనపర్తిలో అదే తరహా మన ఊరు – మన బడి పథకం ప్రారంభమైంది. 26,065 బడులు, 7,289 కోట్ల రూపాయల అంచనా. రెండు చోట్లా ఇసుక, కూలి, గోడ, మరుగుదొడ్డి కమిటీ వంతుకు వచ్చాయి. బల్లలు, రంగులు, ఆకుపచ్చ బోర్డులు రాష్ట్రస్థాయి కొనుగోళ్లకు పోయాయి. కమిటీ చేసిన పనిలో తేడా వస్తే ఊరంతా అడగొచ్చు. రాజధాని నుంచి లారీలో వచ్చిన బల్ల కాలు ఊడితే ఎవరిని అడగాలో ఎవరికీ తెలియదు. దీనికి తోడు తెలంగాణలో పూర్తయిన పనుల బిల్లులు చాలాచోట్ల ఆగిపోయాయి. అప్పు తెచ్చి పని చేయించిన కమిటీ చైర్మన్లు ఆఫీసుల చుట్టూ తిరిగారు. లెక్క అడగాల్సిన మనిషిని బాకీ కోసం తిరిగే మనిషిగా మార్చేస్తే ఇక ప్రశ్న ఎక్కడిది? 2003 నుంచి మధ్యాహ్న భోజనం వండుతున్న మహిళా సంఘాలదీ ఇదే గతి. వండేవాళ్లలో చాలామంది ఆ బడి పిల్లల తల్లులే.

ఇలా లోపల దారి మూసుకుపోయినప్పుడు తల్లిదండ్రులు బయటి దారులు పట్టారు. బడికి తాళం వేసి ధర్నా చేయడం, సోమవారం ప్రజావాణిలోనో భద్రాచలం ఐటీడీఏ గిరిజన దర్బారులోనో అర్జీ ఇవ్వడం, 2005 తర్వాత సమాచార హక్కు కింద లెక్కలు అడగడం వాడుకలోకి వచ్చాయి. విషయం కోర్టు దాకా వెళ్లింది. ప్రతి బడిలో మరుగుదొడ్లు, తాగునీరు ఉండాలని సుప్రీంకోర్టు 2012 అక్టోబరులో ఆదేశిస్తే, అది తెలుగునాట అమలు కాలేదంటూ జె.కె. రాజు అనే వ్యక్తి వేసిన ధిక్కరణ పిటిషన్ వల్ల బడుల దుస్థితి కోర్టు రికార్డుకెక్కింది. ఆశ్రమ పాఠశాలలది మరో చిక్కు. పిల్లలు అక్కడే ఉంటారు, తల్లిదండ్రులు దూరపు గూడేల్లో ఉంటారు. దసరాకో సంక్రాంతికో పిల్లలను తీసుకెళ్లడానికి వచ్చినప్పుడే వాళ్లకు వంటగది కనబడుతుంది. తిండి బాగా లేదన్న ఆందోళనలు, కలుషిత ఆహారంతో పిల్లలు ఆసుపత్రుల పాలైన వార్తలు పెరిగాక, 2024 చివర్లో తెలంగాణ డైట్ చార్జీలను (పిల్లల భోజన ఖర్చును) 40 శాతం పెంచింది. 3 నుంచి 7 తరగతుల పిల్లలకు నెలకు 950 రూపాయలు కాస్తా 1,330 అయ్యాయి. పెంచిన సొమ్ము కంచంలోకి వచ్చిందా అని రోజూ చూసే అధికారం మాత్రం తల్లుల చేతికి రాలేదు.

తల్లిదండ్రులకు ఇంత పెత్తనం ఇస్తే బడులు బాగుపడతాయా అన్న అనుమానానికి గట్టి ఆధారమే ఉంది. ఉత్తరప్రదేశ్ జౌన్‌పూర్ జిల్లాలో జరిగి 2010లో అచ్చయిన ఒక అధ్యయనంలో, గ్రామ విద్యా కమిటీల గురించి ఊళ్లకు తెలియజెప్పినా బడి తీరు మారలేదని తేలింది. చాలామంది తల్లిదండ్రులకు అలాంటి కమిటీ ఉందనే తెలియదు. కానీ అక్కడ ఇచ్చింది సమాచారమే, అధికారం కాదు. ఇండొనేసియాలో బడులకు గ్రాంటు మాత్రమే ఇస్తే చదువు మెరుగుపడలేదు. కమిటీని నిజంగా ఎన్నుకుని, గ్రామ మండలితో జత కలిపినచోట మెరుగుపడింది. ఉగాండాలో 1990ల మొదట్లో బడి గ్రాంటులో 13 శాతమే బడికి చేరేది. ఎంత పంపామో పత్రికల్లో అచ్చువేయడం మొదలయ్యాక ఆ వాటా ఎన్నో రెట్లు పెరిగింది. చదువురాని తల్లికి లెక్కలేం తెలుస్తాయన్నది రెండో అభ్యంతరం. స్వయం సహాయక సంఘాల పొదుపు, బ్యాంకు అప్పుల లెక్కలు నడుపుతున్నది ఈ తల్లులే కదా! మూడోది మాత్రం తోసిపుచ్చదగింది కాదు. ఊరి రాజకీయాలు టీచర్ల మీద కక్షసాధింపుగా మారొచ్చు. ఒంటరి టీచరు అడవిలో ఇద్దరు చేసే పని ఒక్కరే చేస్తుంటే, తప్పు పోస్టు నింపని శాఖది, తిట్లు ఆయనకు. అందుకే నియామకం, బదిలీ, శిక్ష తల్లిదండ్రులకు ఇవ్వాలనడం సరికాదు. హాజరుపై ధ్రువీకరణ, ప్రతి బిల్లునూ చూసే హక్కు, ఖాళీలపై శాఖ నుంచి రాతపూర్వక జవాబు చాలు.

ములకలపల్లి లాంటి షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఇందుకు చట్టం ఎప్పుడో ఉంది. 1996 పెసా చట్టం సామాజిక రంగ సంస్థలపైనా అక్కడి ఉద్యోగులపైనా అదుపును పంచాయతీలకు, గ్రామసభకు ఇమ్మంది. ఉమ్మడి రాష్ట్రం 2011లో దానికి నిబంధనలు రాసింది. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేశాక, కోయ తెలిసిన టీచరు కావాలన్న తల్లిదండ్రులకు గ్రామసభ తప్ప వేరే వేదిక మిగల్లేదు. 2024 జనవరిలో తెలంగాణ యాజమాన్య కమిటీలకు ఎన్నికలు పెట్టింది. కొద్ది వారాలకే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలను తెచ్చి, మరమ్మతుల సొమ్మును మహిళా సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు నడిపే ఆ కమిటీలకు అప్పగించింది. ఒకే బడికి రెండు కమిటీలు, రెండింటికీ హెడ్మాస్టరే కన్వీనరు. మూడో కమిటీ అక్కర్లేదు. ఉన్నవాటి లెక్కలను, ఆశ్రమ పాఠశాలల మెస్ బిల్లులతో సహా, మూడు నెలలకోసారి గ్రామసభలో కోయలోనూ తెలుగులోనూ చదివి వినిపించాలని ఐటీడీఏ, విద్యాశాఖ కలిసి ఉత్తర్వు ఇవ్వాలి.