కీమో అయిపోయాక సీఏ-125 పెరిగితే: అండాశయ క్యాన్సర్‌లో తనిఖీలు, స్కాన్లు, నిర్ణయాలు

అండాశయ క్యాన్సర్‌కు ఆపరేషన్ అయి, ఆరు సైకిళ్ల కీమో ముగిసిన రోజు ఇంట్లో షుక్రానా నమాజ్ చదువుతారు. జుట్టు మళ్లీ మొలుస్తుంది, నోటికి రుచి తెలుస్తుంది, బంధువులు "ఇక అయిపోయినట్టే కదా" అంటారు. ఇంటివాళ్లను ఎక్కువగా తికమక పెట్టే కాలం మాత్రం అప్పుడే మొదలవుతుంది. కొన్ని నెలలకోసారి రక్త పరీక్ష, అవసరమైతే స్కాన్. రిపోర్టులో ఒక అంకె పెరిగిందంటే ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. విజయవాడ వించిపేట, భవానీపురం, సింగ్‌నగర్ వాళ్లయినా, మచిలీపట్నం, అవనిగడ్డ నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లయినా అడిగేది ఒకటే: అంకె పెరిగింది కదా, వెంటనే మళ్లీ కీమో మొదలుపెట్టొద్దా?

చాలాసార్లు అంత తొందర అవసరం లేదు. ఇది ధైర్యం చెప్పడానికి అనే మాట కాదు, పెద్ద పరీక్ష చేసి తేల్చిన విషయం. దాని గురించి కింద వివరంగా ఉంది.

2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి సుమారు 47 వేల మంది ఆడవాళ్లకు ఈ క్యాన్సర్ కొత్తగా బయటపడుతోంది. రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల తర్వాత స్థానం దీనిదే. కడుపు ఉబ్బరం, గ్యాస్, ఆకలి తగ్గడం లాంటి మామూలు బాధలతో మొదలవుతుంది కాబట్టి ఎక్కువ మందికి మూడో దశలోనో నాలుగో దశలోనో తెలుస్తుంది. అలా ఆలస్యంగా బయటపడినవాళ్లలో మొదటి చికిత్స బాగా పనిచేసినా పది మందిలో ఏడెనిమిది మందికి జబ్బు ఎప్పుడో ఒకప్పుడు తిరిగి వస్తుంది. మొదటి దశలోనే దొరికితే ఆ అవకాశం చాలా తక్కువ. అందుకే పక్కింటి ఖాలాకు జరిగింది అమ్మీకి కూడా జరుగుతుందని లెక్కలు వేసుకోకూడదు. ముందుగా డిశ్చార్జి సమ్మరీలో దశ ఎంత అని రాశారో చూసుకోవాలి.

తనిఖీకి ఎప్పుడెప్పుడు వెళ్లాలి

మొదటి రెండేళ్లు సుమారు మూడు నెలలకోసారి, తర్వాతి మూడేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి, ఐదేళ్లు దాటాక ఏడాదికోసారి. డాక్టరు ముందుగా మాటలతోనే తనిఖీ మొదలుపెడతారు: తిండి ఎలా సాగుతోంది, మోషన్ సరిగా అవుతోందా, పొట్ట బిగుతుగా ఉందా, బరువు ఎంత? తర్వాత పొట్ట మీద చేయి పెట్టి చూస్తారు, లోపలి పరీక్ష చేస్తారు. ఇక్కడే మన ఇళ్లలో చాలామంది ఆడవాళ్లు మొహమాటపడి "బాగానే ఉన్నాను" అని లేచి వచ్చేస్తారు. లేడీ డాక్టరు కావాలని, లేదంటే పరీక్ష సమయంలో నర్సు గానీ ఇంటి ఆడమనిషి గానీ పక్కన ఉండాలని అడగొచ్చు. అడిగితే ఎవరూ తప్పు పట్టరు. కటి భాగంలో తిరిగి వచ్చిన చిన్న గడ్డ ఒక్కోసారి స్కాన్ కంటే ముందు డాక్టరు చేతికే తగులుతుంది కాబట్టి ఈ పరీక్ష మానుకోకూడదు.

సీఏ-125 ఏం చెబుతుంది

సీఏ-125 రక్తంలో కనిపించే ఒక ప్రొటీన్. మామూలుగా మిల్లీలీటరుకు 35 యూనిట్ల లోపు ఉండాలంటారు. జబ్బు బయటపడినప్పుడు అది ఎక్కువగా ఉండి, కీమోతో తగ్గినవాళ్లకే తర్వాతి తనిఖీల్లో దాని వల్ల ఉపయోగం. మొదట్లోనే మామూలుగా ఉన్నవాళ్లకు ఆ అంకె పెద్దగా ఏమీ చెప్పదు.

క్యాన్సర్ ఒక్కటే దాన్ని పెంచదు. లివర్ జబ్బు, గుండె బలహీనత, ఊపిరితిత్తుల చుట్టూ నీరు, పొట్టలో ఇన్ఫెక్షన్ కూడా పెంచుతాయి. మన దగ్గర మరీ ముఖ్యంగా పొట్ట టీబీ. పొట్టలో నీరు చేరడం, సీఏ-125 వందల్లోకి పోవడం టీబీలోనూ కనిపిస్తాయి. పైగా ఒక ల్యాబ్‌లో 22 వచ్చి ఇంకో ల్యాబ్‌లో 29 వస్తే అది పెరగడమో కాదో చెప్పలేం, యంత్రం మారితే అంకె మారుతుంది. ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయించాలి. 18 కాస్తా 24 అయిందని భయపడక్కర్లేదు. డాక్టర్లు చూసేది ఒక్క అంకెను కాదు, వరస ఎటు పోతోందన్నది. స్థూలంగా, మామూలు పరిమితికి రెండింతలు దాటి, మళ్లీ చేసిన పరీక్షలోనూ అలాగే ఉంటే దాన్ని నిజమైన పెరుగుదలగా తీసుకుంటారు.

అలా నిజంగానే పెరిగి, మనిషికి మాత్రం ఏ బాధా లేకపోతే? దీన్ని తేల్చడానికే బ్రిటన్‌లోనూ మరికొన్ని దేశాల్లోనూ కలిపి ఒక పరీక్ష చేశారు. డాక్టర్ గోర్డన్ రస్టిన్ బృందం దాని ఫలితాలను 2010లో లాన్సెట్ పత్రికలో ప్రచురించింది. మొదటి చికిత్సతో జబ్బు పూర్తిగా అదుపులోకి వచ్చిన 1,442 మందిని నమోదు చేసుకుని, సీఏ-125 రెండింతలు దాటిన 529 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు వెంటనే కీమో మొదలుపెట్టారు. రెండో గుంపుకు అంకె చెప్పకుండా, బాధలు మొదలయ్యేదాకా గానీ జబ్బు బయటికి కనిపించేదాకా గానీ ఆగారు. మొదటి గుంపుకు కీమో దాదాపు ఐదు నెలలు ముందుగా పడింది. అయినా ఆయుష్షు పెరగలేదు. మధ్యస్థ ఆయుర్దాయం వెంటనే కీమో మొదలుపెట్టినవాళ్లలో 25.7 నెలలు, ఆగినవాళ్లలో 27.1 నెలలు. ఈ తేడా లెక్కలోకి వచ్చేంతది కాదు. ముందుగా కీమో తీసుకున్నవాళ్లు పోగొట్టుకున్నది మంచి రోజులు. నీరసం లేకుండా తిని, తిరిగి, మనవళ్లతో గడిపే నెలలు వాళ్లకు తగ్గాయి.

ఆ పరీక్ష జరిగిన కాలానికి ఇప్పటికీ తేడా ఉందన్నది కూడా నిజమే. తిరిగి వచ్చిన జబ్బుకు ఆపరేషన్, పార్ప్ మాత్రలు ఇప్పుడు ఉన్నాయి, అప్పట్లో దాదాపు లేవు. అందుకే చాలామంది డాక్టర్లు సీఏ-125 చేయిస్తూనే ఉన్నారు. పెరిగితే స్కాన్ తీసి, ఆపరేషన్‌కు వీలుందా అని చూస్తారు. ఎటూ అంకె పెరిగిందంటే ఆలోచించాల్సిన సమయం వచ్చిందని అర్థం. ఆ ఆలోచనకు రెండు మూడు వారాలు పట్టినా నష్టం ఉండదు.

స్కాన్ల సంగతి

కీమో ముగిశాక నెలా నెలన్నరకు ఒక సీటీ స్కాన్ తీయడం మామూలే. తర్వాతి స్కాన్లను పోల్చడానికి అదే ఆధారం, ఆ ఫిల్మ్, సీడీ పారేయకూడదు. ఆ తర్వాత బాధ లేకుండా, అంకె పెరగకుండా "ఊరికే ఒకసారి చూద్దాం" అని తీసే స్కాన్‌తో మేలు జరుగుతుందని తేలలేదు.

సీటీ అన్నీ చూపించదు. పొట్ట లోపలి పొర మీద ఆవగింజంత గడ్డలు ఉంటే తప్పిపోవచ్చు. పెట్-సీటీ మరికొంత పట్టుకుంటుంది గానీ టీబీ, ఆపరేషన్ గాయం, వాపు కూడా అందులో వెలుగుతాయి. "పెట్‌లో వెలిగింది కాబట్టి క్యాన్సరే" అనుకోకూడదు. అనుమానం ఉంటే ముక్క తీసి పరీక్ష చేయాల్సి వస్తుంది.

సీటీకి ముందు కొన్ని గంటలు తినొద్దంటారు. రంగు ఇంజెక్షన్ ఇస్తారు కాబట్టి క్రియాటినిన్ చూస్తారు. మెట్‌ఫార్మిన్ వాడే షుగర్ పేషెంట్లు, ఇంతకుముందు ఇంజెక్షన్ పడక దద్దుర్లు వచ్చినవాళ్లు ఆ మాట ముందే చెప్పాలి. పెట్-సీటీకి సుమారు ఆరు గంటలు ఖాళీ కడుపుతో ఉండాలి, షుగర్ అదుపులో లేకపోతే ఆ రోజు చేయకుండా పంపేస్తారు.

రంజాన్ నెలలో స్కాన్ పడితే రోజా ఉండి వెళ్లడం మంచిది కాదు. ఇంజెక్షన్ తర్వాత నీళ్లు బాగా తాగాలి. జబ్బు మనిషికి రోజా విషయంలో సడలింపు ఉందన్నది అందరికీ తెలిసిందే. ఖజా ఎప్పుడు, ఫిద్యా ఎలా అన్నది ఇమామ్ సాబ్‌ను అడిగి తెలుసుకోవచ్చు.

నిజంగా తిరిగి వస్తే

డాక్టరు మొదట అడిగేది: చివరి కీమో అయి ఎన్ని నెలలైంది? కార్బోప్లాటిన్ చివరి డోసుకు, జబ్బు తిరిగి రావడానికి మధ్య ఆరు నెలలు దాటితే అదే మందు మళ్లీ పనిచేసే అవకాశం ఎక్కువ. ఏడాది, రెండేళ్లు దాటితే ఇంకా మంచిది. ఆరు నెలల లోపే వస్తే మందు మార్చాలి. అప్పుడు వారం వారం ఇచ్చే పాక్లిటాక్సెల్, లైపోసోమల్ డాక్సోరుబిసిన్ లాంటివి వాడతారు. వాటితో బాధ తగ్గించి రోజులు హాయిగా గడిచేలా చూస్తారు. రెండోసారి కార్బోప్లాటిన్ మొదలుపెట్టాక, మొత్తం మీద ఏడో ఎనిమిదో డోసు దగ్గర నుంచి, ఎలర్జీ రావొచ్చు. డ్రిప్ ఎక్కుతుండగా అరచేతుల్లో దురద, ముఖం ఎర్రబడటం, ఆయాసం కనిపిస్తే వెంటనే నర్సును పిలవాలి.

ఆపరేషన్ అందరికీ కాదు. జర్మనీ డాక్టర్ల ఆధ్వర్యంలో జరిగి 2021లో ప్రచురితమైన డెస్క్‌టాప్-3 పరీక్షలో, జాగ్రత్తగా ఎంచుకున్నవాళ్లకు ఆపరేషన్ చేసి కీమో ఇస్తే మధ్యస్థ ఆయుర్దాయం 53.7 నెలలు, కీమో ఒక్కటే ఇస్తే 46 నెలలు వచ్చింది. ఎంచుకున్నది ఎవరినంటే, ఆరు నెలలు దాటాక జబ్బు వచ్చినవాళ్లను, మొదటి ఆపరేషన్‌లో గడ్డ మొత్తం తీయగలిగినవాళ్లను, పొట్టలో నీరు అర లీటరు దాటనివాళ్లను, లేచి తిరగగలిగినవాళ్లను. 2019లో వచ్చిన అమెరికా పరీక్షలో మాత్రం ఆపరేషన్ వల్ల ఆయుష్షు పెరగలేదు. కాబట్టి ఎవరు చేస్తారు, మొత్తం తీయగలరా అన్నదాని మీదే ఆధారపడుతుంది. సగం తీసి వదిలేసే ఆపరేషన్‌తో లాభం కనిపించలేదు.

ఇక మాత్రలు. బీఆర్‌సీఏ జన్యువులో లోపం ఉన్నవాళ్లకు ఓలాపరిబ్ మాత్ర బాగా పనిచేస్తుంది. మొదటి కీమో అయ్యాక దాన్ని మొదలుపెట్టినవాళ్లలో మూడేళ్ల తర్వాత కూడా జబ్బు ముదరకుండా ఉన్నవాళ్లు 60 శాతం, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో 27 శాతం. ఇది 2018లో వచ్చిన సోలో-1 పరీక్ష ఫలితం. రోజుకు రెండుసార్లు, దాదాపు 12 గంటల తేడాతో వేసుకోవాలి. రక్తం తగ్గుతుంది కాబట్టి నెల నెలా పరీక్ష తప్పదు. సెహ్రీకీ ఇఫ్తార్‌కీ సర్దుకోవచ్చా అని డాక్టరునే అడగాలి, సొంతంగా వేళలు మార్చకూడదు.

కూతుళ్లు, అక్కచెల్లెళ్ల కోసం

బీఆర్‌సీఏ రక్త పరీక్షను ఈ జబ్బు వచ్చిన ప్రతి ఒక్కరికీ చేయించాలని డాక్టర్లు చెబుతారు. లోపం ఉంటే పిల్లలకు, కొడుకైనా కూతురైనా, వచ్చే అవకాశం సగం. తండ్రి వైపు నుంచి కూడా వస్తుంది, ఇది చాలామందికి తెలియదు. దగ్గరి సంబంధాలు చేసుకునే కుటుంబాల్లో రెండు వైపులా ఒకే లోపం ఉండే వీలుంది కాబట్టి అక్కడ పరీక్ష ఇంకా అవసరం. "తెలిస్తే అమ్మాయి పెళ్లి ఆగిపోతుంది" అని దాచేవాళ్లున్నారు. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ బీఆర్‌సీఏ1 లోపం ఉన్న ఆడవాళ్లలో పది మందికి సుమారు నలుగురికి జీవితకాలంలో ఈ క్యాన్సర్ రావొచ్చు. ముందే తెలిస్తే పిల్లలు పుట్టాక, తగిన వయసులో అండాశయాలు, ట్యూబులు తీయించుకుని దాన్ని చాలావరకు తప్పించుకోవచ్చు. రిపోర్టు ఊరంతా చెప్పక్కర్లేదు, ఆ అమ్మాయికి చెబితే చాలు.

ఎక్కడ చూపించుకోవాలి, ఖర్చు ఎలా

విజయవాడకు ఆనుకునే మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో నాట్కో క్యాన్సర్ కేంద్రం ఉంది. విశాఖపట్నంలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా ఆసుపత్రి, హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే, బసవతారకం ఆసుపత్రులు ఉన్నాయి. కృష్ణా జిల్లా ఆడపడుచు బసవతారకం 1985లో క్యాన్సర్‌తోనే చనిపోయారు, 2000లో తెరిచిన ఆ ఆసుపత్రికి ఆమె పేరే పెట్టారు.

ఒకప్పటి ఆరోగ్యశ్రీ ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. ఆపరేషన్, కీమో పథకంలో వచ్చినా బయట రాసే స్కాన్లు, జన్యు పరీక్ష, మాత్రలు వస్తాయో రావో ముందే పథకం డెస్క్‌లో గానీ 104కు ఫోన్ చేసి గానీ అడగాలి. స్కాన్ అయ్యాక అడిగితే డబ్బు వెనక్కి రావడం కష్టం. రెండో అభిప్రాయం కోసం ముంబై దాకా పోనక్కర్లేదు. టాటా మెమోరియల్, నేషనల్ క్యాన్సర్ గ్రిడ్‌తో కలిసి నడిచే నవ్య అనే ఆన్‌లైన్ సేవకు రిపోర్టులు పంపొచ్చు.

అమ్మీకి చెప్పాలా

రిపోర్టు కొడుకు చేతికి వస్తుంది. కారిడార్‌లో కొడుకు, అల్లుడు, మామూ కలిసి నిర్ణయం తీసుకుంటారు. అమ్మీకి "కొంచెం బలానికి మందు ఎక్కిస్తారంట" అని చెబుతారు. ప్రేమతోనే చేస్తారు. కానీ పైన చెప్పిన నిర్ణయాల్లో సగం వైద్యం మాత్రమే తేల్చగలిగేవి కావు. ఇప్పుడే కీమోనా, చిన్న కూతురి నిఖా అయ్యాకనా? ఉమ్రాకు వెళ్లి రావడానికి మూడు నెలలు ఆగొచ్చా? కాళ్ల తిమ్మిరితో ఇప్పటికే చెప్పులు నిలవడం లేదు, మళ్లీ పాక్లిటాక్సెల్ తట్టుకోగలదా? వీటికి జవాబు చెప్పగలిగేది ఆమె ఒక్కతే. చాలామంది ఆడవాళ్లకు ఇంట్లో గొంతులు తగ్గినప్పుడే విషయం అర్థమైపోతుంది. "రిపోర్టు సంగతి నీకే చెప్పమంటావా అమ్మీ, అన్నయ్యకు చెప్పమంటావా?" అని ముందే అడిగి, ఆమె అన్నట్టు చేయడం ఒక పద్ధతి. డాక్టరు దగ్గర అడగాల్సినవి ఆమె చేతే కాగితం మీద రాయిస్తే ఇంకా మంచిది, తెలుగులోనైనా ఉర్దూలోనైనా.

తనిఖీ తేదీ దాకా ఆగకూడనివి

పొట్ట ఉబ్బి బట్టలు బిగుతవడం, రెండు ముద్దలకే కడుపు నిండడం, తగ్గని నొప్పి ఉంటే ఆ వారంలోనే డాక్టరును కలవాలి. ఒక కాలే వాచి నొప్పి పుట్టినా, ఆయాసం వచ్చినా రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, అదే రోజు వెళ్లాలి. వాంతులు ఆగక, గ్యాస్ కూడా పోకుండా పొట్ట బిగిస్తే పేగు అడ్డుపడినట్టు. సోడా, వాము నీళ్లతో రాత్రంతా ఆపకుండా అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి. కీమో మళ్లీ నడుస్తున్న రోజుల్లో జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటినా అంతే. డిశ్చార్జి సమ్మరీ, చివరి స్కాన్ సీడీ, వాడుతున్న మందుల చీటీ ఒకే సంచిలో పెట్టి ఇంట్లో అందరికీ తెలిసేచోట ఉంచాలి. ఆ రాత్రి డ్యూటీలో ఉండే డాక్టరు ఆమెను ఎప్పుడూ చూసి ఉండరు.