బిడ్డ ప్రాణం, తల్లి మాట, కోర్టు తీర్పు

2014లో కెనడాలోని ఒంటారియోలో, సిక్స్ నేషన్స్ ఆదివాసీ సముదాయానికి చెందిన పదకొండేళ్ల పాపకు రక్త కేన్సర్ అని తేలింది. కీమో ఇస్తే నయమయ్యే అవకాశం 90 నుంచి 95 శాతమని హామిల్టన్ డాక్టర్లు చెప్పారు. కొద్దిరోజులయ్యాక తల్లి కీమో వద్దంది. తమవాళ్ల వైద్యాన్నే నమ్ముకుంది. పిల్లల సంరక్షణ సంస్థ కల్పించుకోనంది. ఆసుపత్రి కోర్టుకెళ్లింది.

ఆదివాసీ బిడ్డలను బలవంతంగా తీసుకెళ్లి హాస్టల్ బడుల్లో పెట్టిన దేశమది. ఆ గాయం ఇంకా మానలేదు. అందుకే ఇది ఒక్క ఇంటి గొడవగా మిగల్లేదు.

నవంబరు 14న న్యాయమూర్తి గెతిన్ ఎడ్వర్డ్ ఆసుపత్రి కేసు కొట్టేశారు. సంప్రదాయ వైద్యం 1982 రాజ్యాంగ చట్టం 35వ సెక్షన్ కాపాడే ఆదివాసీ హక్కు అన్నారు.

2015 మార్చిలో జబ్బు తిరగబెట్టింది. ఈసారి పాపకు కీమో మొదలైంది, తమ వైద్యమూ ఆగలేదు. ఏప్రిల్‌లో అదే న్యాయమూర్తి తీర్పుకు వివరణ చేర్చారు: బిడ్డ మేలే అన్నిటికన్నా ముందు. ఆ మేలును తూచేటప్పుడు ఆదివాసీ వైద్య హక్కునూ లెక్కలోకి తీసుకోవాలి.

పసరు మందు తెలిసిన మన పెద్దలకూ ఆ గౌరవం దక్కాలి. డాక్టరు మన భాషలో, మనకు అర్థమయ్యేలా చెప్పాలి. మనమూ భయపడకుండా అడగాలి. హక్కు మనదే, కానీ ప్రాణం బిడ్డది.