బొంతలో ముఖం

గుడ్డ మీద మనిషి ముఖం అనగానే మా ప్రోగ్రామర్లకు గుర్తొచ్చేది 1839 నాటి జకార్డ్ చిత్రం. లియాన్‌లో పట్టుతో నేశారు. దానికి పట్టిన చిల్లుల కార్డులు దాదాపు 24,000. చార్లెస్ బాబేజ్ దగ్గర ఒకటి ఉండేది, చూసినవాళ్ళు అచ్చు బొమ్మ అనుకునేవారు. కంప్యూటర్ చరిత్ర చెప్పేవాళ్ళు ఈ కథ వదలరు. మగ్గం మీద దాన్ని నేసిన కార్కియా పేరు మాత్రం ఎవరికీ గుర్తుండదు. ముఖం యంత్రం కనిపెట్టినాయనది కదా!

సిరిసిల్లలోనూ లెక్క అదే. నల్ల పరంధాములు అగ్గిపెట్టెలో పట్టే చీర నేసి పేరు తెచ్చుకున్నారు. చేత్తో నేసిన జీ-20 లోగో పంపినందుకు వెల్ది హరిప్రసాద్ పేరు 2022 నవంబర్‌లో మన్ కీ బాత్‌లో వినిపించింది. ఇద్దరి పనితనానికీ వంక పెట్టలేం. కానీ మరమగ్గాల మీద ఏళ్ళ తరబడి పాలిస్టర్ నేసినవాళ్ళు, 2017 నుంచి బతుకమ్మ చీరలు నేసినవాళ్ళు తమ ఇంటి మనిషిని గుడ్డ మీద ఎప్పుడు చూసుకున్నారు? ఒక్క ముఖానికి వేల కార్డులు గుద్దాలంటే అది గొప్పవాళ్ళదన్నా కావాలి, అమ్ముడన్నా పోవాలి.

బొంతకు ఆ బాధ లేదు. జగిత్యాల, కోరుట్ల వైపు పాత చీరలు పొరలుగా పరిచి, సూదీ దారంతో కుట్టేస్తారు. పెట్టుబడి ఓపికే. దాంట్లో ముఖం కూడా కుట్టొచ్చని నాకు చూపించింది అమెరికా నల్లజాతి కళాకారిణి బీసా బట్లర్. 2020లో షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ ఆమె పనితో ప్రదర్శన పెట్టింది. 1941లో రస్సెల్ లీ తీసిన నల్లపిల్లల ఫోటోను ఆమె నిలువెత్తు గుడ్డ ముక్కలతో మళ్ళీ కట్టింది. చర్మం నీలం, ఊదా, ఎరుపు. అయినా అవి ముఖాలే, ఎందుకంటే కన్ను వెతికేది రంగును కాదు, ముదురూ లేతల్ని.

నేను నేర్చుకుంటున్నదీ అదే. మా బాపమ్మది కోరుట్ల, బతుకంతా బీడీలు చేసింది. కొడుకులు దుబాయి నుంచి కెమెరా తెచ్చినా అది ఆమె వైపు తిరగలేదు. మిగిలింది బీడీ కార్డు మీది చిన్న ఫోటో. దాన్ని ఫోన్‌లో ఐదు ఛాయలకు కుదించాను, ఆ పని నిమిషంలో అయిపోయింది. నెలలు పట్టింది గుడ్డ ముక్కలు ఏరడానికి. ఒక్కో ముక్కనూ నలుపూ తెలుపులో ఫోటో తీసి చూస్తే, ఎర్ర చీరా ఆకుపచ్చ చీరా ఒకే ఛాయ అని తేలుతుంది. నుదుటికీ ముక్కు దూలానికీ లేతవి, కంటి కింద ముదురువి. పాత నూలు చెప్పినట్టు మడత పడుతుంది. పాలిస్టర్ జారిపోతుంది, ఇస్త్రీ వేడికి ముడుచుకుంటుంది. పై కుట్టు ఆమె ముడతల వెంటే పోవాలి. అక్కడ తొందరపడితే ముసలితనం పోయి బొమ్మతనం వస్తుంది.

ఆమె చీరల్లో ముదురు నీలం ఒక్కటే ఉంది, అది కళ్ళకే సరిపోతుంది. కొంగు నీడకు బతుకమ్మ చీర అంచు కత్తిరిద్దామంటే అమ్మ ఇంకా ఒప్పుకోలేదు.