చిట్టా నుంచి టాలీ దాకా

తిరువూరులో ఏ ఎరువుల దుకాణంలోనైనా గుమాస్తాగా చేరిన కామర్సు కుర్రాడికి మొదట ఎదురయ్యేవి కంప్యూటర్ తెర మీది ఇంగ్లీషు మాటలు. లెడ్జర్, వోచర్, కాంట్రా, సండ్రీ డెటార్స్, సండ్రీ క్రెడిటార్స్. తెలుగు మీడియంలో ఇంటర్ చదివినవాడికి చిట్టా రాయడం వచ్చు, ఆవర్జాలోకి ఎక్కించడం వచ్చు, అంకణా తేల్చడం వచ్చు. అయినా ఆ తెర ముందు కూర్చునేసరికి తనకసలు లెక్కలే రావేమోనన్న బెదురు పుడుతుంది. ఆ మాటలు మన దాకా వచ్చిన దారి తెలిస్తే ఈ బెదురు సగం తగ్గుతుందని నా నమ్మకం.

నూట డెబ్భై ఏళ్ల కిందట ఇదే బెదురు ఇంగ్లీషు దొరలది. అప్పట్లో ఊరి లెక్క కరణం చేతిలో ఉండేది. శిస్తు ఎంత, వసూలెంత, బాకీ ఎంత అన్నది ఆయన రాసిందే. జమాబందీకి, అంటే ఏటా జరిగే శిస్తు లెక్కల తనిఖీకి, వచ్చిన అధికారికి ఆ మాటలు అంతుపట్టకపోతే ఏ కాగితం మీదా ధైర్యంగా సంతకం పెట్టలేడు. ఇంగ్లీషు కంపెనీ అధికారిగా మచిలీపట్నంలోనూ కొలువు చేసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్‌కు ఈ ఇబ్బంది బాగా తెలుసు. 1852లో ఆయన పేరు మోసిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువుతో పాటు ‘జిల్లా డిక్షనరీ’ అనే పుస్తకం కూడా వెలువడింది. ఇక్కడి కచేరీల్లో, వ్యవహారాల్లో వాడే మాటలను రోమన్ లిపిలో పెట్టి ఇంగ్లీషులో వివరించిన నిఘంటువది. అంటే వ్యాపార భాష నేర్చుకోవడానికి పుస్తకం ముందుగా కావలసివచ్చింది మనకు కాదు, వాళ్లకు.

బ్రౌన్ పోగుచేసిన ఆ మాటల్లోనూ చాలావాటి పుట్టిల్లు తెలుగు కాదు. జమ, ఖర్చు, బాకీ, రశీదు, ఆవర్జా, ఇవన్నీ గోల్కొండ నవాబుల కాలం నుంచి, ఆ తర్వాత నిజాము పాలనలో, పారశీ రాతకోతలతో కలిసి మన కరణీకంలోకి దిగినవి. ఇవాళ ‘బాకీ తీర్చు’ అనడానికి ఏ రైతూ తడబడడు. 1854లో బ్రౌన్ తెలుగులో కలిసిపోయిన పరభాషా పదాలకే వేరొక నిఘంటువు వేశాడంటే వాటి జోరు ఎంతో ఊహించుకోవచ్చు.

ఇక ఇంగ్లీషు లెక్కల సంగతి. గోల్కొండ రేవు మచిలీపట్నంలో ఇంగ్లీషు కంపెనీ 1611లో కొట్టు పెట్టింది. 2022 ఏప్రిల్‌లో ఎన్టీఆర్ జిల్లా ఏర్పడేదాకా తిరువూరుకు జిల్లా కేంద్రం ఆ మచిలీపట్నమే, అంటే బందరే. ఐరోపా వర్తకులు వాడుతూ వచ్చిన జంట పద్దు విధానం అప్పటికే పాతది. ఇటలీ వర్తకులు 1300 ప్రాంతానికే దాన్ని వాడుకలో పెట్టారు. లూకా పాచోలీ అనే సన్యాసి 1494లో వెనిస్‌లో అచ్చయిన తన గణిత గ్రంథంలో దాన్ని వివరించాడు. ఆయన కనిపెట్టలేదు, వర్తకులు చేస్తున్నదాన్ని పుస్తకానికెక్కించాడు, అంతే.

అందులోని కొత్తదనం ఒక్కటే. ప్రతి వ్యవహారాన్నీ రెండు చోట్ల రాయాలి. తిరువూరు చుట్టుపక్కల మామిడి తోటనే తీసుకోండి. పూత మీద తోటను గుత్తకు పుచ్చుకున్న వ్యాపారి యాభై వేలు బయానా ఇచ్చాడనుకుందాం. రైతు పుస్తకంలో నగదు ఖాతాకు యాభై వేలు డెబిట్, ఎందుకంటే డబ్బు వచ్చింది. వ్యాపారి ఖాతాకు అంతే మొత్తం క్రెడిట్, ఎందుకంటే ఇచ్చినవాడు ఆయన, రైతు ఆయనకు కాయ బాకీ ఉన్నాడు. బయానాను రాబడిగా లెక్కేసి ఖర్చుపెట్టేసుకున్న రైతుకు కాపు దెబ్బతిన్న ఏడాది ఆ రెండో పద్దు విలువ తెలిసొస్తుంది.

ఇక్కడే పిల్లలు తికమకపడే చోటు ఒకటుంది. మన పుస్తకంలో వచ్చిన డబ్బు డెబిట్ అయితే, బ్యాంకులో వేసిన డబ్బుకు ఫోనులో ‘క్రెడిట్’ అని సందేశం ఎందుకొస్తుంది? ఆ సందేశం బ్యాంకు పుస్తకంలోది. మన సొమ్ము అక్కడ జమ అయిందంటే బ్యాంకు మనకు బాకీపడింది, అందుకే తన లెక్కలో మన ఖాతాకు క్రెడిట్ రాసుకుంది. అదే రోజు మన పుస్తకంలో బ్యాంకు ఖాతాకు డెబిట్ రాసుకోవాలి. ఎవరి పుస్తకమో ముందు అడిగితే తికమక ఉండదు. పట్టాభి సీతారామయ్య 1923లో బందరులో ఆంధ్రా బ్యాంకు పెట్టిన నాటి నుంచి ఈ ప్రాంత జనం పాసుపుస్తకాలు చూస్తూనే ఉన్నారు. ఈ ఒక్క సంగతి విడమరచి చెప్పినవాళ్లు మాత్రం తక్కువ.

1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ కామర్సును తెలుగులో చదువుకునే వీలు కల్పించింది. ట్రయల్ బ్యాలెన్స్‌కు అంకణా, బ్యాలెన్స్ షీటుకు ఆస్తి అప్పుల పట్టీ, డిప్రీసియేషన్‌కు తరుగుదల. పనికొచ్చే మాటలే ఎంచుకున్నారు. అయితే పరీక్ష తెలుగులోనూ ఉద్యోగం ఇంగ్లీషులోనూ ఉండిపోయాయి.

ఆ ఉద్యోగానికి పనిముట్టు 1986లో బెంగళూరులో తయారైంది. యంత్రభాగాలు, ముడిసరుకు సరఫరా చేసే శ్యామ్ సుందర్ గోయెంకాకు తన లెక్కలకు సరిపోయే సాఫ్ట్‌వేర్ దొరకలేదు. కొడుకు భరత్‌ను రాయమన్నారు. తర్వాత టాలీగా పేరుపడింది అదే. అంతకుముందటి సాఫ్ట్‌వేర్లలో ఒక్కో ఖాతాకు ఒక్కో అంకెల కోడు గుర్తుపెట్టుకోవాలి. టాలీలో పేరు కొడితే చాలు. పాత చిట్టాలో రాసుకున్నట్టే ఫలానా ఊరి ఫలానా రైతు అని ఖాతా తెరుచుకోవచ్చు. చిన్న దుకాణదారు దాన్ని దగ్గరకు తీసుకున్నది అందుకేనంటాను. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక రిటర్నుల కోసం మండల కేంద్రాల్లోనూ ఈ మాటలు వచ్చినవాళ్ల అవసరం పెరిగింది.

కాబట్టి అకౌంట్స్ ఇంగ్లీషు నేర్పే మాస్టార్లకు ఒక విన్నపం. అక్షరక్రమంలో మాటల పట్టిక ఇచ్చి బట్టీ పట్టించకండి. ఎరువు అరువుకు తీసుకెళ్లిన రైతులంతా సండ్రీ డెటార్స్ అని, సరుకు అరువుకు పంపిన డీలర్లంతా సండ్రీ క్రెడిటార్స్ అని, గల్లాపెట్టె సొమ్ము బ్యాంకులో వేస్తే అది కాంట్రా అని ఆ దుకాణం చూపించే చెప్పండి. ముందు తెలుగులో చిట్టా రాయించి, అవే పద్దులను టాలీలో ఎక్కించమనండి.