పిక్సెల్ ఆర్ట్‌గా ఫొటో మార్పిడి

ఫొటోను పాత వీడియో గేముల బొమ్మలా, చతురస్రపు చుక్కలు విడివిడిగా కనబడేలా మార్చే పద్ధతి ఇది. 1989లో వచ్చిన నింటెండో గేమ్ బాయ్ తెర 160 × 144 పిక్సెళ్లే. అది చూపగలిగినవి నాలుగు ఛాయలు. అప్పటి ఆ ఇరుకే ఇప్పుడు అందమైంది.

ఫొటోషాప్, గింప్ వంటి సాఫ్ట్‌వేర్లలో ముందుగా ఫొటోను కావలసినంత మేర కత్తిరించి, కాంట్రాస్ట్ పెంచి, వెడల్పును 64 పిక్సెళ్లకో 128కో కుదిస్తారు. ఇండెక్స్‌డ్ మోడ్‌లో రంగులను 16కో ఎనిమిదికో తగ్గిస్తారు. లేని ఛాయ ఉన్నట్టు కనిపించడానికి రెండు రంగుల చుక్కలను కలగలిపి చల్లడమే డిథరింగ్. 1976 నాటి ఫ్లాయిడ్–స్టైన్‌బర్గ్ పద్ధతి ఇందులో ప్రసిద్ధం. మళ్లీ ఆర్‌జీబీలోకి తెచ్చి బొమ్మను పెద్దది చేసేటప్పుడే చాలామంది పొరబడతారు. ఫొటోషాప్‌లో 'నియరెస్ట్ నైబర్', గింప్‌లో ఇంటర్‌పొలేషన్ 'నన్' ఎంచుకోకపోతే అంచులు అలుక్కుపోతాయి. పెంచేది ఎనిమిది రెట్లో పది రెట్లో, పూర్ణసంఖ్యలోనే ఉండాలి.

సాఫ్ట్‌వేర్ అంతా చేసిపెట్టదు. 64 పిక్సెళ్ల ముఖంలో కన్ను కొన్ని చుక్కలకు మించదు, నుదుటి బొట్టు చర్మపు రంగులో కలిసిపోతుంది. వాటిని పెన్సిల్ టూల్‌తో ఒక్కొక్క చుక్కే దిద్దాలి. పూర్తయిన బొమ్మను పీఎన్‌జీగానే భద్రపరచాలి. జేపెగ్ కుదింపు అంచుల చుట్టూ మరకలు తెస్తుంది.